దరువు పుట్టిన కట్టడం

అమెరికాలో సిన్సినాటి వెళ్ళినవారు ఒహాయో నది చూసి వస్తారు. నేను మాత్రం బ్రూస్టర్ వీధిలో, ఒకప్పుడు కింగ్ రికార్డుల కంపెనీ నడిచిన పాత ఇటుక కట్టడం చూడబోయాను. పాట పట్టడం, రికార్డులు అచ్చొత్తడం, ఊళ్ళకు పంపడం, అన్నీ ఒకే కప్పు కింద సాగేవట!

1967లో జేమ్స్ బ్రౌన్ 'కోల్డ్ స్వెట్' పాడింది ఇక్కడే. అందులో రాగం కోసం వెతుక్కోవాలి. బాకాలూ గిటారూ కూడా మృదంగం పనే చేస్తాయి. తాళంలో మొదటి దెబ్బ మీదే బరువంతా. ఫంక్ సంగీతం దానితోనే మొదలైందని చాలామంది అంటారు.

కూల్చబోతున్న ఆ కట్టడాన్ని 2018లో నగరపాలకులు దక్కించుకున్నారు, సంతోషమే. కాని ఆ పాటకు డ్రమ్ములు వాయించిన క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్ మాటేమిటి? 1969లో 'ఫంకీ డ్రమ్మర్'కు ఆయన వేసిన దరువును తరువాతివాళ్ళు వందల పాటల్లోకి ఎత్తుకున్నారు. ఆయనకు ముట్టింది దాదాపు సున్న. 2017లో కన్నుమూశాడు.