బంతిలో వలపక్షం

చలికాలంలో ఫ్లోరిడాలోని నేపుల్స్‌కు వెళ్ళేవాళ్ళంతా సముద్రం కోసమే వెళ్తారనుకుంటే పొరపాటు. చాలామంది సామాన్లలో పికిల్‌బాల్ ప్యాడిల్ కూడా ఉంటుంది. అక్కడి ఈస్ట్ నేపుల్స్ కమ్యూనిటీ పార్కులో 60కి పైగా కోర్టులున్నాయి. 2016లో మొదలైన యూఎస్ ఓపెన్ పికిల్‌బాల్ పోటీలకు వేదిక అదే. 1965లో బెయిన్‌బ్రిడ్జ్ దీవిలో వేసవి సెలవుల్లో ఇంటిల్లిపాదికీ కాలక్షేపంగా, పాత బ్యాడ్మింటన్ కోర్టు మీద పుట్టిన ఆటకు ఇంత వైభవం పట్టింది. ఇలాంటి ఎండ ఊళ్ళకు వెళ్ళేవాళ్ళు మంచి పబ్లిక్ కోర్టు ఏదని వాకబు చేస్తే వచ్చే జవాబులు ఒకే తీరుగా ఉంటాయి: ఎన్ని కోర్టులు, నేల ఎలా ఉంది, నీడ ఉందా, రాత్రి దీపాలు వేస్తారా. ఇవి అడగవలసినవే. అయితే నన్నడిగితే, కోర్టు మంచిచెడ్డలు తేలేది కంచె బయట, తమ వంతు కోసం నిలబడ్డవాళ్ళ దగ్గర.

ఓపెన్ ప్లే, అంటే ముందుగా జట్టు లేకపోయినా ఎవరైనా వచ్చి ఆడే పద్ధతి, నడిచే చోట కంచెకు ఒక చట్రం తగిలించి ఉంటుంది. వచ్చినవాళ్ళు తమ ప్యాడిల్‌ను అందులో వరసలో పెడతారు. ఒక కోర్టు ఖాళీ కాగానే ముందున్న నాలుగు ప్యాడిళ్ళ తాలూకు మనుషులు లోపలికి వెళ్తారు. జనం ఎక్కువగా ఉంటే ఆడిన నలుగురూ బయటికి రావాలి. తక్కువగా ఉంటే గెలిచిన ఇద్దరూ అక్కడే ఉండి చెరో పక్షానికి మారతారు. డాక్టరైనా, ట్రక్కు నడిపేవాడైనా, నిన్ననే దిగిన చుట్టమైనా సరే, అక్కడ గుర్తింపు ప్యాడిల్‌దే. వడ్డించేవాడు మనవాడైతే బంతిలో ఎక్కడ కూర్చున్నా ఫరవాలేదని మన సామెత. ఆ చట్రానికి మనవాడు, పరాయివాడు అనే తేడా తెలియదు. చట్రం లేని పార్కులో మాత్రం తెలుస్తుంది: రోజూ వచ్చే ఎనిమిదిమంది తమలో తామే జట్లు కట్టుకుంటారు, కొత్తవాడు బెంచీ మీద కూర్చుని సీసాలో నీళ్ళు ఖాళీ చేస్తాడు. ఆ పార్కులో నేల అద్దంలా ఉండి ఏం లాభం?

జనాన్ని చూసి జడుసుకోవడం ఇంకో పొరపాటు. 11 పాయింట్ల ఆట సుమారు పావుగంటలో ముగుస్తుందనుకుందాం. రెండే కోర్టులున్న చిన్న పార్కులో 16మంది వరసలో ఉంటే మనం ఐదో బంతిలో కూర్చున్నట్టు. అరగంట దాటినా వంతు రాకపోవచ్చు. పన్నెండు కోర్టులున్న చోట 40మంది ఉన్నా మనది పదకొండో బంతి, అంటే పావుగంట లోపే లోపలికి. బయట కార్లు నిండిపోయిన పార్కు కన్నా ఖాళీగా కనబడే పార్కే ఎక్కువసేపు నిలబెడుతుంది. చలికాలమంతా ఉత్తరాది నుంచి వచ్చి మకాం వేసేవాళ్ళను అక్కడ స్నోబర్డ్స్ అంటారు. వాళ్ళ తాకిడి ఎక్కువయ్యే నెలల్లో ఈ లెక్క మరీ అవసరం. వేసవిలో గొడవే లేదు. పొద్దున ఎండ, మధ్యాహ్నం ఉరుములూ కలిసి జనాన్ని పల్చన చేస్తాయి.

నేల సంగతి అంత తేలిగ్గా తీసేస్తారా అని అడగవచ్చు. తీసెయ్యను. ఈ ఆట ఆడేవాళ్ళలో అరవై దాటినవాళ్ళు చాలామంది. తల మీదుగా వెళ్ళే బంతి కోసం వెనక్కి నడుస్తూ పగుల్లో మడమ తగిలితే ఆ సీజనంతా మంచమే. పగిలిన కోర్టును వెంటనే వదిలెయ్యాలి. కానీ అది గడప దగ్గర చూసుకునే పరీక్ష. గడప దాటిన కోర్టుల్లో ఏది మేలో నేల చెప్పలేదు. టెన్నిస్ కోర్టు మీద గీతలు గీసి నడిపించే చోట్లనూ అలాగే తూకం వెయ్యాలి. టెన్నిస్ నెట్ మధ్యలో 36 అంగుళాలు, పికిల్‌బాల్‌కు ఉండాల్సింది 34. ఆ రెండంగుళాల మూలాన, కిచెన్ అనే ఏడడుగుల పట్టీలోకి మెల్లగా జార్చవలసిన బంతి నెట్‌కు తగిలి ఇవతలే పడుతుంది. చిరాకే, కానీ నలుగురికీ ఒకే చిరాకు.

ఇంతకన్నా గట్టి ఆక్షేపణ ఇంకోటుంది. ఎవరు పడితే వాళ్ళతో ఆడితే ఆట చెడుతుంది. నాలుగు రోజుల కోసం వెళ్ళినవాడు డబ్బు కట్టి ప్రైవేటు కోర్టు తీసుకోవడం నయం కదా. ఆట చెడే మాట నిజం. అందుకే పద్ధతి తెలిసిన పార్కుల్లో కొత్తవాళ్ళకు ఒక చట్రం, ఆరితేరినవాళ్ళకు ఒకటి పెడతారు. డబ్బు కట్టే దారి నలుగురు కలిసి వెళ్ళినవాళ్ళకు బాగానే ఉంటుంది. హైదరాబాదులో ఈ ఆట పెరిగింది ఎక్కువగా ఆ దారినే: ఫోన్లో గంట కొనుక్కుని స్నేహితులతో వెళ్తారు, కంచెకు చట్రం అక్కర్లేదు. టాంపాలోనో ఓర్లాండోలోనో ఉన్న కూతురింటికి ఆరునెలలకని వెళ్ళిన తండ్రికి మిగతా ముగ్గురు ఎక్కణ్ణుంచి వస్తారు? కారు లేనిదే ఆయన పార్కుకు కూడా వెళ్ళలేడనేది ఒప్పుకోవలసిన మాట. పన్ను కట్టేది మేము, చలికాలంలో వచ్చిపోయేవాళ్ళు మా వంతు తినేస్తున్నారనే స్థానికుల గొణుగుడులోనూ న్యాయం లేకపోలేదు. దానికి బయటివాళ్ళ దగ్గర నాలుగు డాలర్లు ఎక్కువ పుచ్చుకోవచ్చు, అభ్యంతరం లేదు. డబ్బు తీసుకుని చట్రంలో ప్యాడిల్‌ను వెనక్కి జరిపితేనే పేచీ.

ఏప్రిల్‌లో యూఎస్ ఓపెన్ జరిగే వారంలో ఈస్ట్ నేపుల్స్ కోర్టులు పోటీలకు పోతాయి. అప్పుడు మామూలు ఆటగాడు నెట్ రెండంగుళాలు ఎక్కువ ఎత్తున్న ఆ టెన్నిస్ కోర్టుల పార్కులే వెతుక్కోవాలి, కంచెకు చట్రం ఉందో లేదో ముందు చూసుకుని.