మూడో కాంకార్డ్ తెరమీదే ఉంది!

ప్యారిస్ వెళ్ళినవాళ్ళు ఈఫిల్ టవర్ ముందు ఫోటో దిగకుండా రారు. సరే, దిగండి! కానీ ఒక పూట మిగుల్చుకుని, ఊరికి ఈశాన్యాన ఉన్న లె బూర్జే విమానాశ్రయానికి కూడా వెళ్ళండి. అక్కడి మ్యూజియంలో రెండు కాంకార్డ్‌లు పక్కపక్కనే ఉన్నాయి. కొంగలాంటి ఒళ్ళు, కిందికి వంగే ముక్కు... ధ్వనికి రెట్టింపు వేగంతో ఎగిరిన అందగత్తెలు! ఎక్కి చూస్తే మాత్రం లోపల ఇరుకే. కిటికీ అరచెయ్యంత.

మొదటిది 001. 1969 మార్చి 2న తూలూజ్‌లో ఎగిరిన తొలి కాంకార్డ్ ఇదే. 1973 జూన్ 30న ఆఫ్రికాలో సూర్యగ్రహణం పడితే చంద్రుడి నీడ వెంట పరుగెత్తింది. నేలమీద వాళ్ళకి సంపూర్ణ గ్రహణం ఏడు నిమిషాలే. ఇందులో ఎక్కిన శాస్త్రజ్ఞులకి 74 నిమిషాలు! పైకప్పుకి కిటికీలు పెట్టించుకుని మరీ చూశారు.

రెండోది ఎఫ్-బీటీఎస్‌డీ. ఎయిర్ ఫ్రాన్స్ కాంకార్డ్ సర్వీసులు ఆపేశాక, 2003 జూన్ 14న ఇక్కడ దిగింది.

దీనికో తోబుట్టువు ఉండేది, ఎఫ్-బీటీఎస్‌సీ. పేరులో తేడా ఒక్క అక్షరమే. సినిమా ప్రియులకి అది పరాయిది కాదు. 1979 నాటి ‘ది కాంకార్డ్... ఎయిర్‌పోర్ట్ 79’లో కనిపించే విమానం అదే. పైలట్‌గా అలైన్ డెలాన్! కథలో క్షిపణిని తప్పించుకుని, ఆల్ప్స్ మంచులో పొట్టమీద దిగుతుంది. ఈల వెయ్యాల్సిన సీను.

అసలు కథ అలా ముగియలేదు. 2000 జూలై 25న చార్లెస్ డి గాల్ విమానాశ్రయంలో పైకి లేవబోతుంటే, రన్‌వే మీద పడివున్న లోహపు ముక్క టైరుని చీల్చింది. టైరు ముక్క తగిలి ఇంధనపు టాంకు పగిలింది. మంటలు! పైలట్లు దగ్గర్లోని ఈ లె బూర్జేలోనే దింపాలని చూశారు. చేరలేకపోయారు. గోనెస్‌లో ఒక హోటల్ మీద కూలింది. 113 మంది పోయారు.

తోక వెంట మంటతో లేస్తున్న ఆ విమానం ఫోటో లోకమంతా చూసింది. ఎఫ్-బీటీఎస్‌సీ అంటే ఇవాళ ఆ ఒక్క ఫోటోయే గుర్తొస్తుంది. పాపం, అది తొలిసారి ఎగిరింది 1975లో. పాతికేళ్ళ జీవితాన్ని ఆఖరి రెండు నిమిషాలు మింగేశాయి.

అందుకే ఆ సినిమా ఎక్కడైనా దొరికితే డెలాన్‌ని కాసేపు వదిలెయ్యండి. విమానాన్ని చూడండి. లె బూర్జేకి చేరలేని ఆ మూడోది, ఎండలో తళతళలాడుతూ హాయిగా ఎగురుతూ ఉంటుంది.