మాగాయ ఊట

వేసవి వచ్చిందంటే మా ఇంట మాగాయ సందడి మొదలయ్యేది. అమ్మ చెక్కు తీసిన మామిడి ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి, జాడీకెత్తి వాసెన కట్టేది. మూడవనాడు వాసెన విప్పేసరికి ముక్కలు ఊటలో తేలుతూ ఉండేవి. చుక్క నీరైనా పోయలేదే, ఇంత ఊట ఎక్కడిదని నేనడిగితే, "ఉప్పు పిలిచిందిరా, నీరు పలికింది" అని నవ్వేది.

ఆ మాటలోని అంతరార్థం ఒక వానరాత్రి నాకు అవగతమైంది. ఆరేళ్ల తమ్మునికి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కళ్లు లోతుకు పోయి, నాలుక పిడచకట్టింది. అమ్మ పొరుగు వీధిలోని ఆరోగ్య కార్యకర్తను పిలుచుకొని రావడానికి వెళ్లింది. ఉప్పు, చక్కెర కలిపిన నీరు పట్టాలని నేనెక్కడో విన్నాను. ఉప్పు ఎక్కువైతే గుణం కూడా ఎక్కువని తలచి, గ్లాసెడు నీటిలో రెండు చెంచాలు కలిపి వాని నోటికి అందించబోయాను. అంతలో ఆమె వచ్చి, రుచి చూసి, ఆ నీటిని పారబోసింది. "ఇది తాగితే ఒంట్లో మిగిలిన నీరు కూడా పేగుల్లోకి వచ్చేస్తుంది బాబూ!" అన్నది. నా చేతులు వణికాయి. జాడీలోని మామిడి ముక్కలు కళ్లముందు మెదిలాయి.

లీటరు కాచి చల్లార్చిన నీటికి తలకొట్టిన ఆరు చిన్న చెంచాల చక్కెర, అరచెంచా ఉప్పు కలిపి ఆమె చెంచాతో కొద్దికొద్దిగా పట్టింది. తెల్లవారుజామున వాడు మూత్రానికి లేచాడు. అమ్మ కళ్లు ఒత్తుకున్నది.

కణత్వచం నీటిని పోనిచ్చినంత సులువుగా లవణాలను పోనివ్వదు. అందువలన లవణం తక్కువగా ఉన్న వైపు నుంచి ఎక్కువగా ఉన్న వైపునకు నీరు తనంత తానే సాగుతుంది. ఇందుకు కణం శక్తిని వ్యయం చేయనక్కరలేదు. ఇదే ద్రవాభిసరణం. తగిన పాళ్లలో కలిపినప్పుడు చక్కెరలోని గ్లూకోజు, ఉప్పులోని సోడియం జంటగా పేగుగోడ కణాలలోకి చేరుతాయి. వాటి వెంట నీరూ ఒంటికి పడుతుంది. పాళ్లు తప్పితే అదే నియమం నీటిని వెలికి లాగుతుంది.

1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలాన బంగావ్ శరణార్థి శిబిరంలో కలరా ప్రబలింది. సెలైను కొరవడినప్పుడు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఇటువంటి ద్రావణాన్నే రోగుల బంధువుల చేత తాగింపజేశాడు. నూటికి 30 వరకు ఉన్న మరణాలు 4 లోపునకు తగ్గాయి. ఆయన మరణానంతరం 2023లో దేశం పద్మవిభూషణ్‌తో గౌరవించింది.

నేటికీ మాగాయ జాడీ చూస్తే నాకు ఆ గ్లాసే గుర్తుకు వస్తుంది. ఆ రాత్రి నాలో ప్రేమకు కొరత లేదు, కొరవడినది కొలత.