దూలపల్లి కొత్తిమీరతో నిమ్మకాయ అన్నం

సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ హైవే ఎక్కితే సుచిత్ర, కొంపల్లి దాకా షోరూమ్‌లు, ఫంక్షన్ హాళ్లే. దూలపల్లి రోడ్డుకు ఎడమవైపు తిరిగాక సీన్ మారుతుంది. రిజర్వ్ ఫారెస్ట్ చెట్లు కనిపిస్తాయి. అటవీ సిబ్బందికి ట్రైనింగ్ ఇచ్చే తెలంగాణ ఫారెస్ట్ అకాడమీ ఉన్నది ఇక్కడే. ఇంజినీరింగ్ కాలేజీలూ, హాస్టళ్లూ ఉన్నాయి. అటుపక్క జీడిమెట్ల ఫ్యాక్టరీలు.

నేను ఆగింది మాత్రం రోడ్డు పక్కన గోనెసంచి పరిచి కూర్చున్న ఓ అవ్వ దగ్గర.

"కొత్తిమీర ఎట్లా అవ్వా?"

"పదికి రెండు కట్టలు. పొద్దుగాల పీకినయే బిడ్డా."

మీ చేనిదేనా అనడిగా. నవ్వింది. "మా చేను ప్లాట్లయి ఎన్నేండ్లాయె! ఇప్పుడు మేడ్చల్ అవతలికెల్లి తెస్తున్న. ఆటో కిరాయికే సగం పోతది."

ఒకప్పుడు ఇంటి వెనక బావి కింద మడులు కట్టి పండించేవారట. పీకిన గంటలో అమ్ముడుపోయేదట. కొత్తిమీరకు ఆ గంటే ముఖ్యం. పీకినప్పటి నుంచీ ఆకులో నీరు తగ్గుతుంటుంది, వాసనా పోతుంటుంది. చేను దూరమైతే అవ్వకు కిరాయి పెరుగుతుంది, మనకు రుచి తగ్గుతుంది.

ఆ రెండు కట్టలతో చేసిందే ఈ అన్నం. రూమ్‌లో ఒక్క స్టవ్వు ఉన్నా చాలు.

ఇద్దరికి ఒక గ్లాసు సోనా మసూరి బియ్యం పొడిపొడిగా వండండి. వెడల్పు పళ్లెంలో పరిచి, చెంచా నూనె, ఉప్పు చల్లి ఆరనివ్వండి. వేడి మీద కలిపితే ముద్దయిపోతుంది. మూకుడులో మూడు చెంచాల నూనె వేసి ముందు పల్లీలు, శనగపప్పు, తర్వాత మినప్పప్పు, ఆవాలు వేయండి. అవి ఎర్రబడ్డాక నాలుగు పచ్చిమిర్చి చీలికలు, అల్లం తురుము, కరివేపాకు, చిటికెడు పసుపు, ఇంగువ వేసి స్టవ్ ఆపేయండి. దాన్ని అన్నంలో కలిపి, గుప్పెడు కొత్తిమీర తరుగు, నాలుగు పుదీనా ఆకులు వేయండి. చివర్లో రెండు చిన్న నిమ్మకాయల రసం పిండండి.

నిమ్మరసం చివర్లోనే ఎందుకు? మరిగితే చేదెక్కుతుంది, విటమిన్ సి కూడా తగ్గుతుంది. పైగా పులుపు, వేడి కలిస్తే ఆకుల పచ్చదనానికి కారణమైన క్లోరోఫిల్‌లోంచి మెగ్నీషియం పోతుంది. అప్పుడు కొత్తిమీర వాడిపోయిన రంగులోకి మారుతుంది. బాక్సు కట్టుకునేవాళ్లు ఆకు, రసం విడిగా తీసుకెళ్లి తినేముందు కలుపుకుంటే ఇంకా బాగుంటుంది. వండిన అన్నం గంటల తరబడి బయట ఉంచకండి. పులుపు ఉంది కదా, పాడవదులే అనుకోవద్దు.

పక్కన చికెన్ ఫ్రై ఉన్నా, ఆలుగడ్డ వేపుడు ఉన్నా జోడీ కుదురుతుంది. ఏమీ లేకపోతే ఉల్లిగడ్డ కలిపిన పెరుగు చాలు.

నిమ్మకాయలు నల్గొండ వైపు నకిరేకల్ మార్కెట్ నుంచో, ఇంకా దూరం గూడూరు నుంచో వచ్చినా తట్టుకుంటాయి, తోలు గట్టిది. కొత్తిమీర అలా కాదు. అది మన ఊరి పక్కనే పండాలి. అటువైపు వెళ్తే యాప్‌లో ఆర్డర్ పెట్టకుండా రోడ్డు పక్కన రెండు కట్టలు కొనండి. వేర్లున్నవే అడగండి. గ్లాసు నీళ్లలో నిలబెడితే రెండు రోజులు తాజాగా ఉంటాయి. పదికి రెండే ఇస్తామంటే మూడోది అడక్కండి. ఆటో కిరాయి గుర్తుంది కదా!