మోరాంట్ పాయింట్: తూర్పు కొసన ఇనుప దీపం

జమైకా దీవికి తూర్పు కొస మోరాంట్ పాయింట్. అది దాటితే ఇక నీళ్లే. కింగ్‌స్టన్‌లో బయల్దేరిన రోడ్డు మోరాంట్ బే, పోర్ట్ మోరాంట్ ఊళ్ల మీదుగా సముద్రాన్ని ఒరుసుకుంటూ పోయి, గోల్డెన్ గ్రోవ్ దగ్గర పాత చెరకు ఎస్టేట్లలోకి తిరుగుతుంది. అక్కడి చక్కెర మిల్లు 2019లో మూతపడింది. ఆ తర్వాత మంచి రోడ్డు లేదు. గుంతలు, బురద, చిత్తడి నేల, దారికి అడ్డంగా వంగిన మడ చెట్లు. వాన పడితే మామూలు కారు కదలదని చెప్పి కింగ్‌స్టన్‌లోనే మాకు జీపు కుదిర్చారు. డ్రైవర్ ఈ సెయింట్ థామస్ ప్రాంతంవాడే. మోరాంట్ బే దాటుతున్నప్పుడు బండి వేగం తగ్గించి, “మా పాల్ బోగల్ నడిచొచ్చిన ఊరు సార్” అన్నాడు. 1865లో న్యాయం అడగడానికి జనాన్ని వెంటబెట్టుకుని కోర్టు మీదికి వచ్చి, ఉరికంబం ఎక్కిన మనిషి బోగల్. ఇవాళ జమైకా జాతీయ వీరుల్లో ఒకడు.

మడ చెట్లు పలచబడేసరికి లైట్‌హౌస్ కనిపించింది. ఎరుపు, తెలుపు పట్టీలతో సుమారు 100 అడుగుల ఎత్తు. చుట్టూ ఊరు లేదు, ఇంకో కట్టడం లేదు. దగ్గరికి వెళ్లి చెయ్యి ఆనిస్తే రాయి కాదు, ఇనుము. ఎండకు కాలిపోతోంది. ఉప్పుగాలికి రంగు లేచిన చోటల్లా తుప్పు మరకలు.

ఇది 1841లో నిలబెట్టిన పోత ఇనుప స్తంభం. జమైకా లైట్‌హౌసుల్లో అన్నిటికంటే పాతది. ముక్కలన్నీ లండన్‌లో పోతపోసి, ఓడకెక్కించి ఇక్కడికి తెచ్చారు. నమూనా గీసిన ఇంజనీరు అలెగ్జాండర్ గోర్డన్. రాతి స్తంభం కట్టాలంటే రాయి కావాలి, చెక్కేవాళ్లు కావాలి, ఏళ్లు పడుతుంది. ఈ చిత్తడి కొసలో అవేవీ సాధ్యం కావు. గోర్డన్ పద్ధతిలో ఇనుప పలకలకు లోపలివైపు అంచులుంటాయి. ఒక వరస పలకలను గుండ్రంగా నిలిపి, అంచుకు అంచు బోల్టులతో బిగించి, దాని మీద మరో వరస ఎత్తుతారు. పైకి పోయేకొద్దీ చుట్టుకొలత తగ్గుతుంది. లోపలికి వెళ్లి చూస్తే ఈ పనితనమంతా కళ్లకు కడుతుంది. బయటినుంచి నున్నగా కనబడే స్తంభం లోపల మాత్రం తన కీళ్లన్నీ చూపిస్తుంది.

ఆ బోల్టులు బిగించింది ఎవరు? నన్ను ఇంత దూరం రప్పించింది ఈ ప్రశ్నే. క్రూ జాతివాళ్లు. నేటి లైబీరియా, సియెర్రా లియోన్ తీరాలవాళ్లు, ఓడపనిలో ఆరితేరినవాళ్లు. జమైకాలో బానిసత్వం 1838తో పూర్తిగా ముగిసింది. తోటల యజమానులకు కూలీలు కరువయ్యారు. అప్పుడు ఆఫ్రికా నుంచి స్వేచ్ఛ ఉన్న మనుషులను కూలికి తీసుకురావడం మొదలైంది. 1841 నుంచి 1867 దాకా దాదాపు 10 వేల మంది వచ్చారు. వారిలో మొట్టమొదట వచ్చినవాళ్లలో ఈ క్రూలు ఉన్నారు. సంకెళ్లతో కాకుండా కూలి మాట్లాడుకుని వచ్చిన ఆఫ్రికన్లు ఈ దీవి మీద తొలినాళ్లలోనే నిలబెట్టిన కట్టడం ఇది. జమైకాలో చక్కెర దొరల బంగళాలు చాలానే ఉన్నాయి, టిక్కెట్టు పెట్టి చూపిస్తారు. నా దృష్టిలో వాటన్నిటికంటే ఈ స్తంభానికే గౌరవం ఎక్కువ దక్కాలి.

పని దగ్గరుండి చూసుకున్న కుర్రాడికి అప్పటికి 21 ఏళ్లు. పేరు జార్జ్ గ్రోవ్. ఇక్కడ పని ముగిశాక బెర్ముడాలో గిబ్స్ హిల్ లైట్‌హౌస్ కూడా ఆయన చేతుల మీదుగానే లేచింది. తర్వాత ఇంజనీరింగు వదిలి సంగీతం వైపు మళ్లాడు. పాశ్చాత్య సంగీతానికి ప్రామాణికమైన గ్రోవ్ నిఘంటువు ఆయనదే. లండన్ రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ తొలి డైరెక్టరూ ఆయనే. సంగీతం చదువుకునేవాళ్లకు తెలిసిన ఆ పేరు ఈ మడ అడవి చివర వినబడటం నాకు చాలా సంతోషంగా అనిపించింది.

కాపలా మనిషి తలుపు తీసి పైకి రమ్మన్నాడు. ఇనుప మెట్లు, ఉక్క. పైన బాల్కనీలోకి అడుగుపెట్టగానే గాలి మనిషిని గోడకు నొక్కేసింది. తూర్పున సముద్రం, వెనక పచ్చటి చిత్తడి, దూరాన బ్లూ మౌంటెన్స్. క్యూబా, హైతీల మధ్య సందులోంచి దిగి కింగ్‌స్టన్ వెళ్లే ఓడలు ఈ కొస చుట్టి తిరగాల్సిందే. ఇక్కడ దీపం ఎందుకు పెట్టారో పైకెక్కితే ఎవరూ చెప్పనక్కర్లేదు.

తూర్పు నుంచి మనవాళ్లూ వచ్చారు. 1845 మే 10న తొలి భారతీయ కూలీలు జమైకాలో ఓల్డ్ హార్బర్ బే దగ్గర దిగారు. 1917 దాకా వచ్చినవాళ్లు 36 వేలకు పైనే. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కినవాళ్లే అయినా, తొలి ఏళ్లలో మద్రాసు నుంచి కూడా ఓడలు వచ్చాయి. వాటిలో తెలుగు మాట్లాడేవాళ్లూ ఉండి ఉంటారు. నెలల తరబడి నీళ్లే చూసిన కళ్లకు జమైకా మొదట ఈ దీపంగానే కనబడి ఉంటుంది. పైన నిలబడి ఆ సంగతి తలుచుకుంటే గుండె బరువెక్కింది.

1907 భూకంపానికి కింగ్‌స్టన్ నేలమట్టమైంది. 1988లో గిల్బర్ట్ తుపాను ఈ తూర్పు కొస నుంచే దీవి మీదికెక్కి, పడమటి కొస దాకా తొక్కుకుంటూ పోయింది. ఆ రెండింటి తర్వాతా స్తంభం నిలిచే ఉంది.

జమైకా జాతీయ వారసత్వ సంస్థ దీన్ని రక్షిత కట్టడంగా గుర్తించింది. దీని చరిత్ర చెప్పేటప్పుడు క్రూల మాటా చెబుతుంది. అది మెచ్చుకోవాల్సిన పని. కానీ గోర్డన్‌కు పేరుంది, గ్రోవ్‌కు పేరుంది. నేను చూసినంతలో క్రూలకు మిగిలింది జాతి పేరొక్కటే. జమైకా ప్రభుత్వ పాత దస్తావేజులు స్పానిష్ టౌన్‌లో భద్రంగా ఉన్నాయి. కరీబియన్ చరిత్ర చదువుతున్న తెలుగు విద్యార్థులు ఎవరైనా అటు వెళితే, మన కూలీల జాబితాలతో పాటు 1841 నాటి కాగితాలూ తిరగెయ్యండి. ఒక్క క్రూ పేరు దొరికినా అది ఈ స్తంభం మొదట్లో చెక్కించదగ్గదే.