చీనీ తోటలో నాలుగు చక్రాల బండి

అనంతపురం దాటి తాడిపత్రి రోడ్డు పట్టుకుంటే కాసేపటికే బుక్కరాయసముద్రం. పండమేరు వాగుకు అడ్డంగా విజయనగర బుక్కరాయల కాలంలో, 14వ శతాబ్దంలో, చిక్కవొడెయరు కట్టించిన చెరువే ఈ ఊరికి పేరు. ఆ చెరువు కట్ట తెగకుండా ప్రాణమిచ్చిన ముసలమ్మ కథనే కట్టమంచి రామలింగారెడ్డి కావ్యంగా రాశారు. నేను ఈసారి వెళ్లింది చెరువు చూడడానికి కాదు. ఊరికి అవతల ఎర్రనేలలో ఒక చీనీ (బత్తాయి) తోట ఉంది. ఆ తోట వాళ్లింట్లో ఏటీవీ, అంటే ఎగుడుదిగుడు నేల మీద నడిచే నాలుగు చక్రాల బండి, కొనాలా వద్దా అన్న మాట ఎటూ తేలకుండా నలుగుతోంది. బెంగుళూరులో ఉద్యోగం చేసే కొడుకు స్నేహితుడి దగ్గర ఒక బండి అడిగి తెచ్చాడు, నడిపి చూద్దామని.

"తోట పనికి పనికొస్తాది, ఆదివారాలు మిట్టల్లో తిరగనూ వస్తాది నాయనా" అని అతని వాదన. తండ్రి అడ్డం చెప్పలేదు. "మందు డ్రమ్ము లాగుతాదేమో చూడు ముందు" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. పనికీ షికారుకీ ఒకే బండి కావాలనుకున్నప్పుడు పని దగ్గరే మొదలుపెట్టాలి. ఇంజన్ ఎన్ని సీసీలు, ఎంత వేగం అన్నవి తర్వాతి మాటలు. ఈ తోటలో పనంటే ఏమిటి? రెండు వందల లీటర్ల మందు నీళ్లు సాళ్ల మధ్యకు చేర్చాలి. ఎరువు మూటలు మోయాలి, కాయ కోసినప్పుడు గంపలు గట్టుకు తేవాలి. కరెంటు వచ్చిందనగానే దూరంగా ఉన్న బోరు దగ్గరికి పరుగెత్తాలి. ఈ చివరి పనికి ఏటీవీని మించింది లేదు. మెత్తటి వెడల్పు టైర్లలో గాలి చాలా తక్కువ, చదరపు అంగుళానికి అయిదారు పౌండ్లు మాత్రమే ఉంటుంది కాబట్టి దున్నిన నేలలోనూ దిగబడకుండా పోతుంది. కానీ రెండు వందల లీటర్ల నీళ్లంటే రెండు వందల కిలోలు. ఈ తరగతి బండ్లకు ముందు రాక్ మీద నలభై, వెనక రాక్ మీద ఎనభై కిలోల దరిదాపే బరువు పెట్టనిస్తారు. కాబట్టి డ్రమ్ము ట్రైలర్ మీదే రావాలి. ట్రైలర్ లాగేటప్పుడు గేరు "లో"లో ఉండి తీరాలి. ఇందులో శక్తిని చక్రాలకు చేర్చేది రబ్బరు బెల్టు. హై గేరులో బరువు లాగిస్తే బెల్టు కాలిపోతుంది. కొడుకు లోలో పెట్టి ఎత్తు మీదికి లాగించాడు. బండి ఇబ్బంది లేకుండా ఎక్కింది. దిగేటప్పుడు మాత్రం వెనక బరువు నెట్టుకొచ్చింది, ఇంజన్ బ్రేకింగ్ ఉన్న బండే తీసుకోవాలని అక్కడికక్కడే తేలిపోయింది.

తండ్రి చూపు వేరే చోట ఉంది. "మందు పంపు తిప్పేదానికి వెనక ఏముంది దీనికి?" ఏమీ లేదు. పంపు లాంటివి తిప్పడానికి ట్రాక్టరు వెనక ఉండే పీటీవో ఇలాంటి బండ్లకు ఉండదు. స్ప్రేయర్‌కు వేరే మోటారు కావాలి, కలుపు దున్నడం దీనితో కాదు. అదే ఇరవై హార్స్‌పవర్ చుట్టుపక్కల ఉండే ఫోర్ వీల్ డ్రైవ్ మినీ ట్రాక్టరు చీనీ సాళ్ల మధ్య సులువుగా తిరుగుతుంది. పంపు తిప్పుతుంది, రోటవేటర్ లాగుతుంది. దాని విడిభాగాలు కూడా అనంతపురంలోనే దొరుకుతాయి.

ఈ నేలకు మరో రెండు పరీక్షలున్నాయి, దుమ్మూ ముల్లూ. వేసవిలో దుమ్ము గాలి ఫిల్టరును రోజుల్లోనే మూసేస్తుంది. ఫిల్టరు చేతికి అందే చోట ఉందా, పనిముట్లు లేకుండా విప్పగలమా అని చూడాలి. ముల్లు అంటే సర్కారు తుమ్మ. వంకల వెంట, గట్ల మీద ఎక్కడ చూసినా అదే. మెత్తటి టైరుకు అంతకు మించిన శత్రువు లేదు. ట్యూబ్‌లెస్ పంక్చర్ సామానూ చిన్న గాలి పంపూ బండితోపాటే కొనాలి.

ఇంతా చూశాక నన్ను అసలు కలవరపెట్టింది వేరొకటి. తోటలో కలుపు తీసే ఆడవాళ్లు మధ్యాహ్నం ఇంటికి బయలుదేరారు. బండి కనిపించగానే ఇద్దరు వెనక రాక్ ఎక్కబోయారు. కొడుకు వద్దన్నాడు. వాళ్లు నొచ్చుకున్నారు. మన పల్లెలో బండి ఒక్కడితో కదలదు. టీవీఎస్ ఎక్సెల్ మీద మనిషి, మూట, గడ్డిమోపు అన్నీ వస్తాయి. ట్రాక్టరు మడ్‌గార్డుల మీద కూలీలు కూర్చోవడం మనకు అలవాటైపోయింది, అలా పోయిన ప్రాణాలు తక్కువేం కాదు. ఇలాంటి ఏటీవీ ఒక్క మనిషి కోసం చేసిన బండి. నడిపేవాడు వంపులో తన ఒంటిని పక్కకు వంచి బరువు సర్దాలి, వెనక ఇంకొకరుంటే అది కుదరదు. ఎత్తు మీద బండి వెనక్కి తిరగబడుతుంది.

ఈ బండ్ల చరిత్రంతా ఈ పాఠమే. 1982లో సుజుకి నాలుగు చక్రాల బండి తెచ్చేదాకా ఎక్కువగా నడిచినవి మూడు చక్రాలవే. అవి పల్టీ కొట్టి పిల్లలు చనిపోతుంటే 1988లో అమెరికాలో కంపెనీలు వాటి అమ్మకం ఆపేయడానికి ఒప్పుకున్నాయి. రైతులు విరివిగా వాడే ఆస్ట్రేలియాలో 2021 అక్టోబరు నుంచి, బోల్తాపడినా మనిషి నలిగిపోకుండా కాపాడే ఫ్రేము లేకుండా సాధారణ వాడకపు కొత్త క్వాడ్ బండి (ఏటీవీ) అమ్మకూడదు. పదహారేళ్లలోపు పిల్లలకు పెద్ద బండి ఇవ్వొద్దని తయారీదారులే చెబుతారు. నలుగురూ ఎక్కే ఇంట్లో ఒక్కరికే సరిపడే బండి కొనడం ప్రమాదం కొనడమే. పక్కపక్కన కూర్చుని బెల్టు పెట్టుకునే, పైన ఇనుప చట్రం ఉండే సైడ్ బై సైడ్ బండి అయితే ఇద్దరికి సరిపోతుంది. దాని ధర చాలా ఎక్కువ.

ఇదే జిల్లాలో గార్లదిన్నె ఉంది. అక్కడి ట్రాక్టర్ నగర్‌లో కేంద్ర ప్రభుత్వ దక్షిణ ప్రాంత వ్యవసాయ యంత్రాల శిక్షణ, పరీక్ష సంస్థ ఉంది. వ్యవసాయ యంత్రాలు ప్రమాణాల ప్రకారం అక్కడ పరీక్షకు నిలబడతాయి, వాటి పనితీరు లెక్క తేలుతుంది. రైతులకు నడపడం, మరమ్మతు నేర్పుతారు. ఏ బండి కొన్నా పరీక్ష నివేదిక అడగండి అని తండ్రీకొడుకులకు చెప్పాను. ఈ దేశంలో అమ్మే ఏటీవీల్లో చాలావాటికి రోడ్డు మీద తిరిగే అనుమతి లేదు. కొన్నేళ్ల కిందట పొలారిస్ కంపెనీ స్పోర్ట్స్‌మన్ 570ని ట్రాక్టరుగా రిజిస్టర్ అయ్యేలా తెచ్చింది, అలాంటిదయితే తప్ప తోట దాటి రోడ్డెక్కితే కేసే.

ఇక మిట్టల్లో షికారు. కొడుక్కి కొండమీదరాయుడి కొండ చుట్టూ బాటలు చూపించాలని ఉంది. ఆ బాటలు గొర్రెల కాపర్లవి. అటవీ శాఖ భూమిలో అడిగే పోవాలి. చెరువు కట్ట మీద మాత్రం వద్దు. ఆరు వందల ఏళ్ల మట్టి కట్ట, చక్రాలు చేసే గాడిలో మొదటి వాన నీళ్లు పారితే కట్ట ఏమవుతుందో ఈ ఊరికి తెలిసినంత ఇంకెవరికీ తెలియదు.

సాయంత్రానికి లెక్క ఒక దారికి వచ్చింది. మినీ ట్రాక్టరు కొంటారు. దానికి బోల్తాపడితే కాపాడే రోల్ బార్ పెట్టించాలని తండ్రి పట్టుబట్టాడు, మడ్‌గార్డు మీద ఎవరినీ ఎక్కించనని కూడా అన్నాడు. కూలీలను తేవడానికి ట్రాలీలో బల్లలూ పట్టుకోవడానికి కమ్మీలూ ఎట్లా పెట్టించాలో ఊరి వెల్డింగు షాపులో ఎల్లుండి కొలతలు తీయిస్తారు. కొడుకు ఆదివారాలకు స్నేహితుడి బండే అద్దెకు తెచ్చుకుంటాడు.