కారు చూసుకుంటుందిలే అనుకుంటే...

'ఏవండీ... లారీ!'

పక్క సీట్లోంచి ఆవిడ ఆ కేక వేయకపోయి ఉంటే... తలచుకుంటే ఆయనకు ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

ఆరోజు హైదరాబాద్‌లో పెళ్లి చూసుకుని ఇద్దరూ విజయవాడ తిరిగొస్తున్నారు. సూర్యాపేటలో టిఫిన్ చేసి, కారుకు కాస్త ఛార్జింగ్ పెట్టి బయల్దేరేసరికి రాత్రి తొమ్మిదిన్నర. కోదాడ ఇంకా రాలేదు. ముందు వెళుతున్న కారుకు తగినంత దూరంలో, దాని వేగానికి తగ్గట్టు వీళ్ల ఎలక్ట్రిక్ కారు తనంతట తానే పోతోంది. ఆయన కాలు పెడల్ మీద లేదు. చేతులు స్టీరింగ్ మీద ఉన్నాయంటే ఉన్నాయి. మనసు మాత్రం పెళ్లి భోజనాల దగ్గరే ఉండిపోయింది.

ఉన్నట్టుండి ముందు కారు పక్క లేన్‌లోకి తప్పుకుంది. ఎదుట ఖాళీ అయిందనుకుని వీళ్ల కారు వేగం పెంచింది. నిజానికి ఖాళీ లేదు. వెనక లైట్లు లేని లారీ ఒకటి రోడ్డు మీదే ఆగిపోయి ఉంది. ఆవిడ అరుపు, ఆయన బ్రేకు తొక్కడం ఒకేసారి జరిగాయి. రెండు బారల దూరంలో కారు ఆగింది.

ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరయ్యారు. నలభై ఏళ్లుగా కారు నడుపుతున్నారు. ఎలక్ట్రిక్ కారు కొందామన్నది బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న కొడుకు ఆలోచన. 'వయసు మీదపడుతోంది నాన్నా. ఇందులో అడాస్ ఉంది, నువ్వు కాస్త ఏమరినా అదే చూసుకుంటుంది' అని పట్టుబట్టి పెద్ద మోడలే కొనిపించాడు. షోరూం కుర్రాడూ తక్కువ తినలేదు. 'చేతులు వదిలేసి చూడండి సార్' అన్నాడు!

అడాస్ అంటే డ్రైవరుకు సాయపడే ఏర్పాట్లన్నిటికీ కలిపి పెట్టిన పేరు. అద్దం వెనకుండే కెమెరా రోడ్డు మీది తెల్లగీతల్ని చూస్తుంది. ముందు బంపర్‌లోని రాడార్ ఎదుటి బండి ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. 0 నుంచి 5 వరకూ ఉండే లెవెల్స్‌లో మనకు దొరికేవి ఎక్కువగా రెండో లెవెల్ వరకే. అంటే వేగాన్నీ, స్టీరింగ్‌నీ కారు కాసేపు పట్టుకుంటుంది. రోడ్డును చూడాల్సిన బాధ్యత మాత్రం పూర్తిగా డ్రైవరుదే.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఆ కారు ఒకసారి వాళ్లను కాపాడింది కూడా. బెంజ్ సర్కిల్ దగ్గర బైకు ఒకటి అడ్డంగా దూసుకొస్తే, ఆయన కాలు కదిలేలోపే బ్రేకు వేసింది. ఆరోజే ఆయనకు దానిమీద గురి కుదిరింది. ఆ గురే కోదాడ రోడ్డు మీద కొంపముంచబోయింది.

లారీ గండం గడిచాక కారును పక్కకు తీసి ఇద్దరూ మాటల్లేకుండా కూర్చుండిపోయారు. ఇంతలో ఫోన్ మోగింది. కొడుకు! 'నాన్నా, బండి అరగంట నుంచీ కదల్లేదేం?' కారులోని సిమ్ పుణ్యమా అని, బండి ఎక్కడుందో బెంగళూరులో అతని ఫోన్‌లో కనిపిస్తోంది మరి. 'టీ తాగుతున్నాంరా' అన్నారాయన. కారు ఎక్కడ ఆగిందో కొడుక్కి తెలిసింది. ఎలా ఆగిందో తెలియలేదు.

మూడోరోజు తల్లి చెప్పేసింది. ఆ శనివారం పొద్దున్నే కొడుకు ఇంట్లో ఉన్నాడు. డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పని పుస్తకాన్ని బయటకు తీశారు. అందులో ఉండనే ఉంది... 'ముందు వాహనం తప్పుకుని, ఆగి ఉన్న వాహనం ఎదురైతే ఈ వ్యవస్థ గుర్తించకపోవచ్చు' అని. చదివి తండ్రీకొడుకులు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. 'చదవకుండా నీకు చెప్పాను నాన్నా' అన్నాడు కొడుకు. 'చదవకుండా నేను నమ్మాను' అన్నారాయన.

ఇది ఈ ఒక్క ఇంటి సంగతే కాదు. 2023 డిసెంబరులో అమెరికాలో టెస్లా 20 లక్షలకు పైగా కార్లను రీకాల్ చేసింది. ఆటోపైలట్ వాడేటప్పుడు డ్రైవరు ధ్యాస రోడ్డు మీదే ఉండేలా చూసే ఏర్పాట్లు చాలవని అక్కడి రహదారి భద్రతా సంస్థ అభిప్రాయపడటమే కారణం. అందుకోసం కార్లేవీ షెడ్డుకు వెళ్లనక్కర్లేకపోయింది. దిద్దుబాటు సాఫ్ట్‌వేర్‌ను నెట్ ద్వారానే పంపారు. దూరాన్నుంచే మరమ్మతు చేయడం సౌకర్యమే. కానీ ఆ దూరపు సాయం ఎప్పటికీ ఉంటుందన్న హామీ లేదు. బ్రిటన్‌లో 2016 వరకూ తయారైన నిస్సాన్ లీఫ్ ఎలక్ట్రిక్ కార్లకు 2024 ఏప్రిల్‌లో ఫోన్ యాప్ ఆగిపోయింది. అవి ఆధారపడిన 2జీ నెట్‌వర్క్‌కు కాలం చెల్లడమే అందుకు కారణం. కార్లు నడుస్తూనే ఉన్నాయి. ఇంట్లో కూర్చుని ఫోన్‌తో ఏసీ వేసుకునే వీలు మాత్రం పోయింది.

విజయవాడ ఎండల్లో ఆ సౌకర్యం విలువ ఆవిడకు బాగా తెలుసు. మూడో అంతస్తు నుంచే ఫోన్‌లో ఏసీ ఆన్ చేసి దిగుతారు. సెల్లార్‌లో సిగ్నల్ అందని రోజున మాత్రం కొలిమిలోకి అడుగుపెట్టినట్టే! ఉచిత గడువు ముగిశాక ఏటా డబ్బు కట్టాలన్న కబురూ ఈమధ్యే వచ్చింది.

ఇప్పుడు ఆ కారులో కొన్ని నియమాలున్నాయి. రాత్రిపూట క్రూయిజ్ వాడరు. ఊళ్ల దగ్గర రోడ్డుపై మొక్కజొన్న ఆరబోసినచోట లేన్ సాయం తీసేస్తారు. గింజల్ని తప్పించబోతే అది స్టీరింగ్‌ను మళ్లీ గీతల మధ్యకే లాగుతుంది కాబట్టి. ఛార్జింగ్ కేంద్రాల నంబర్లు చిన్న డైరీలో రాసి పెట్టుకున్నారు.

'అంత డబ్బు పోసి కొన్నది వాడవేం నాన్నా?' అన్నాడు కొడుకు మొన్న.

'వాడుతున్నానురా. కాకపోతే మీ అమ్మను నిద్రపోనివ్వడం లేదు' అన్నారాయన.

పక్కనుంచి ఆవిడ నవ్వుతూ అందుకున్నారు. 'నాకు ఏడాదికోసారి డబ్బు కట్టక్కర్లేదు. సెల్లార్‌లోనూ పనిచేస్తాను!'